చక్రాలు చివర్న

ఇంటి పక్క సందులో, మధ్యాహ్నం వేళ. కిటికీల దాకా బురద కొట్టుకున్న నల్ల కారు, దాని పక్కన బకెట్టుతో కోడలు. అత్త అప్పుడే తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"ఆపు! ఆపవే! ముందు ఆ గుడ్డ తియ్యి!"

"అత్తయ్యా... మీరు పడుకున్నారనుకున్నా..."

"పడుకున్నా, లేచా. తియ్యమన్నానా! ఎండిన బురద మీద గుడ్డ పెట్టి రుద్దుతారటే ఎవరైనా? ఎక్కడెక్కడ రుద్దావు?"

"ఇక్కడే. ఈ తలుపు మీద కాస్త. ఒక్కసారే."

"జరుగు, చూడనీ. అబ్బ, గుడ్డ విదిలించి నా కళ్ళద్దాల మీద తుంపర కొట్టావు, నువ్వే చూడు. అలా నిటారుగా నిలబడి కాదు. నీ మొగుడు చూస్తాడే, తల వాల్చి, వెలుతురికి ఏటవాలుగా, అలా చూడు. గీత పడిందా?"

"తెలీడంలేదు. బురదుంది కదా."

"ఆ బురదలో ఇసుకుంటుంది. రుద్దావంటే గరుకు కాగితం పెట్టి గీకినట్టే. పైగా నల్ల రంగు, చీమ పాకినా కనిపించి చస్తుంది."

"పడిందంటారా? అత్తయ్యా, గీత పడిందంటారా?"

"నాకేం తెలుసు? కడిగితే తెలుస్తుంది. ఎక్కడికెళ్ళావు?"

"కూరగాయలకి."

"కూరగాయలకి, కారేసుకుని."

"వానొచ్చేలా ఉందని..."

"కూరగాయలేవి?"

"దొరకలేదు."

"దొరకలేదు. కూరగాయలమ్మేవాడు చేలో దిగి అమ్ముతున్నాడు కాబోలు, అందుకని కారు కూడా దిగింది."

"అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయనకి చెప్పకండి."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువుగాని, ముందు పైపు పట్టుకో. కాదు, ఆగు. ముందు కారు ఆ రేకుల షెడ్డు కిందికి జరుపు. ఎండలో పెట్టి కడగకూడదు. వేడి మీద సబ్బునీళ్ళు ఇట్టే ఆరిపోయి మచ్చలు కట్టేస్తాయి."

"మళ్ళీ స్టార్ట్ చెయ్యాలా? గోడకి తగిలిస్తానేమో."

"వాగు దాటి వెళ్ళొచ్చినదానివి, నాలుగడుగులు జరపలేవా?"

"వాగు దాటానని ఎవరు చెప్పారు మీకు?"

"ఈ బంకమట్టి చెప్పింది. మన వైపు ఇలాంటి మట్టి ఎక్కడుంది? జరుపు, జరుపు. తాళంచెవి ఎక్కడ దొరికింది నీకు?"

"ఉతకడానికేసిన చొక్కా జేబులో. పొద్దున ఆఫీసు జీపొచ్చింది కదా, తొందరలో మర్చిపోయారు. ఆయన ఎప్పుడూ మర్చిపోరు. ఇవాళే."

"సరే, నెమ్మదిగా. గోడ, గోడ! ఆఁ, చాలు. ఆపెయ్యి. దిగు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నీళ్ళు. పైనుంచి మొదలుపెట్టు. కప్పు మీద కొట్టి, అద్దాలు, తలుపులు, అలా కిందికి రా. కింద నుంచి మొదలెడితే కడిగిందే మళ్ళీ కడగాలి. చక్రాలు చివర్న, వేరే గుడ్డతో. గుడ్డ జోలికి పోకు. ఊరికే తడుపు."

"ఊరికే తడుపుతూ కూర్చుంటే ఎప్పటికవుతుంది? సాయంత్రానికి వచ్చేస్తారు."

"మాడిన గిన్నెని ఏం చేస్తావు?"

"నానబెడతాను."

"మరి? ఇదీ అంతే. దాన్నంతట దాన్ని జారనివ్వాలి. అదిగో, చూడు, పెళ్ళలు పెళ్ళలుగా ఎలా ఊడొస్తోందో."

"తొందరగా ఊడితే బాగుండు."

"తొందరపడితే గీత పడుతుంది. గీత పడితే ఏమవుతుందో నీ మణికట్టుని అడుగు."

"గుర్తు చెయ్యకండి అత్తయ్యా."

"నేను గుర్తు చెయ్యడమెందుకు? పైపు ఎడం చేత్తో పట్టుకుంటున్నావుగా. ఇంకా తగ్గలేదా?"

"బరువు ఎత్తితేనే లాగుతోంది. మామూలుగా ఏం లేదు."

"సంచి జిప్పు తగిలి వెంట్రుకంత గీత. వెంట్రుకంతే కదే అది. దానికి చెయ్యి అలా మెలిపెట్టేస్తాడా మనిషన్నవాడు..."

"వద్దు. వద్దత్తయ్యా. ఇంకో గీత పడితే నేను తట్టుకోలేను. నిజంగా చెప్తున్నా, నాకు చచ్చేంత భయంగా ఉంది. ఆ తలుపు మీద ఎందుకు రుద్దానో, బుద్ధి లేక. అది పడే ఉంటుంది. పడే ఉంటుంది కదా?"

"ఏడవకు. ఏడుస్తూ కడిగితే ఏం కనిపిస్తుంది? ఉంగరం తియ్యి."

"ఏంటి?"

"వేలికున్న ఉంగరం. గుడ్డ పట్టుకుని తోముతుంటే అదే మొదట గీస్తుంది. చేతి గడియారం కూడా. ఆ కిటికీలో పెట్టు."

"పెట్టాను."

"ఇంకో బకెట్టు తీసుకురా. ఒకదాంట్లో నురుగు నీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. గుడ్డ ముందు మంచినీళ్ళలో జాడించి, ఇసుక వదిలాక నురుగులో ముంచాలి. ఒకే బకెట్టయితే తీసిన ఇసుకే మళ్ళీ తెచ్చి పూస్తావు."

"గిన్నెల సబ్బు వెయ్యనా?"

"వెయ్యి, మెరుపంతా పోతుంది, అప్పుడిద్దరం కలిసి పారిపోదాం. తలకి రుద్దుకునే షాంపూ తీసుకురా. కాస్త చాలు. మెత్తటి గుడ్డలు రెండు తే, నా పాత చీర చింపినవి ఉన్నాయి బీరువా కింద అరలో. ఆ గరుకు తువ్వాలు అవతల పారెయ్యి."

"తెచ్చాను. అత్తయ్యా, మీకివన్నీ ఎలా తెలుసు?"

"మీ మామయ్య అద్దె కారు తోలేవాడు కదా. మనిషి లేచేసరికి కారు అద్దంలా ఉండాలి. ఎవరు కడిగారనుకున్నావు?"

"ఆయన కూడా... అంటే, మామయ్యగారు కూడా గీత పడితే..."

"పోయిన మనిషి గురించి ఇప్పుడెందుకు? బానెట్ మీద నీళ్ళు కొట్టు."

"అడగకూడదా?"

"బానెట్ మీద కొట్టమన్నాను."

"మీ ఫోను మోగుతోంది."

"వింటున్నా. నువ్వు నీళ్ళు ఆపకు, కొడుతూనే ఉండు. హలో. ఆఁ... ఆఁ, వచ్చింది. ఉంది... ఎక్కడికి పోతుందిలే. సరే. సరే, చూస్తాను. అలాగే."

"ఎవరత్తయ్యా?"

"గ్యాసువాడు. బండ వచ్చిందా, ఇంకా ఉందా అని."

"మనం గ్యాసు చెప్పామా?"

"నేనే చెప్పాను."

"మొన్ననే కదా కొత్త బండ పెట్టాం?"

"ముందుజాగ్రత్తకి. నీకెందుకు అన్నీ? కప్పు మీద ఇంకోసారి కొట్టు."

"కప్పు మీద ఏం లేదుగా, తళతళలాడుతోంది."

"అయినా కొట్టు. నాననీ."

"వీధి వైపు అలా చూస్తున్నారేంటి?"

"ఏం లేదు. గుడ్డ తీసుకో. ఇప్పుడు తుడవొచ్చు, కప్పు నుంచే. గుండ్రంగా తిప్పకు, దోశ వేస్తున్నట్టు! నిలువుగా. ఒకే దిక్కుకి. నొక్కకు. గుడ్డ బరువు చాలు."

"ఇలానా?"

"ఇంకా నెమ్మదిగా."

"అత్తయ్యా, ఇంత నెమ్మదిగా అయితే..."

"నెమ్మదిగానే చెయ్యాలి. చేస్తూ చెప్పు. ఎక్కడికెళ్ళావు?"

"చెప్పానుగా, కూ..."

"కూరగాయలంటే ఈ బకెట్టు నీ నెత్తిన పోస్తాను."

"చెప్తే మీరు ఆయనకి చెప్తారు."

"వాడికి చెప్పాల్సింది ఇంకేం లేదు నా దగ్గర. నా కోసం అడుగుతున్నా."

"వాగు అవతల మొక్కల తోటుంది. అంటు మొక్కలు కట్టి అమ్ముతారు. ఆ తోటావిడ మా అమ్మ స్నేహితురాలు. పనికి మనిషి కావాలని అమ్మకి చెప్పిందట. నాకు అంటు కట్టడం వచ్చు కదా, మా నాన్న నేర్పాడు."

"బస్సులో పోకపోయావా, ఈ బురద గోల ఉండేది కాదు."

"ఆ బస్సు కండక్టరు ఆయనకి బాగా తెలుసు. నేను దిగే లోపలే ఆయనకి ఫోన్ వెళ్ళిపోతుంది."

"పనికి పంపిస్తాడనుకున్నావా వాడు?"

"పంపరు."

"మరి?"

"గది కూడా ఇస్తానంది."

"గదా?"

"తోట వెనకాల. చిన్నదే. చూసొచ్చాను. అత్తయ్యా, ఆ గది తలుపుకి గడియ లోపల వైపుంది. బయట ఏమీ లేదు, తడిమి చూశాను. మన గదికిలా బయట లేదు."

"గుడ్డ జాడించు."

"ఇప్పుడేగా జాడించాను."

"మళ్ళీ జాడించు... నాకు వినపడదనుకుంటున్నావేమో. రోజూ వినపడుతుంది. వాడు బయట గడియ పెట్టి ఆఫీసుకెళ్ళడం, నేను వెళ్ళి నీకు తియ్యడం, వాడు వచ్చేలోపు మళ్ళీ వెయ్యడం. ఏం బతుకే ఇది."

"మీరు తియ్యకపోతే నేనేమయిపోయేదాన్నో."

"నన్ను పొగడకు! ఇప్పుడు నన్ను పొగడకు."

"ఏమయిందత్తయ్యా?"

"ఏం కాలేదు. అయితే గదుంది, పనుంది, కారూ చేతిలో ఉంది. వెళ్ళినదానివి వెళ్ళక మళ్ళీ ఈ కొంపకెందుకొచ్చావు? దెయ్యం పట్టిందా?"

"ఈ తలుపు తుడవనా? బురదంతా పోయింది."

"అడిగినదానికి చెప్పు."

"గదిలో రెండు మంచాలున్నాయి."

"ఉంటే?"

"ఒకటి మీకు."

"ఏంటీ?"

"నేనే అడిగాను ఆవిణ్ణి. మా అత్తగారు కూడా వస్తారు, పెద్దావిడ, మంచం కావాలి అన్నాను. సరేనంది. మీతో ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నా. ఇవాళ్టికి ఈ కారు కడిగేసి, ఆయనకి తెలీకుండా గండం గడిస్తే, మీ మనసు బాగున్నప్పుడు మెల్లగా చెబుదామని..."

"నాకెందుకే మంచం? నేను వాడి తల్లిని."

"తల్లే కదా, మరి మీ కళ్ళద్దాలు ఆయనెందుకు దాచారు? మా అమ్మ ఫోన్ చేసిన సంగతి మీరు ఆయనకి చెప్పలేదని, అంతేగా? అవి లేనన్నాళ్ళూ గోడలు తడుముకుంటూ తిరిగారు. పాలగిన్నె అనుకుని పొయ్యి మీద చెయ్యి పెట్టారు. నేను వెతికితే దొరికాయి, ఆయన బూట్ల డబ్బాలో. నేను వెళ్ళిపోతే ఈసారి ఎవరు వెతికిపెడతారు మీకు?"

"ఆ రెండో గుడ్డ ఇటియ్యి, అద్దం నేను తుడుస్తాను."

"గుడ్డ పడేశారత్తయ్యా."

"పడనీ."

"కింద పడిన గుడ్డ మళ్ళీ వాడకూడదు కదా, ఇసుకంటుకుంటుందని..."

"పడనీ అన్నానా!"

"కోపమొచ్చిందా? మీకు చెప్పకుండా మంచం అడిగినందుకా? మీకిష్టం లేకపోతే... అత్తయ్యా! ఇటు చూడండి! తలుపు మీద గీత లేదు! తల వాల్చి చూశా, ఇటునుంచీ చూశా, అటునుంచీ చూశా. ఏం లేదు. పడలేదు! దేవుడా, పడలేదు. ఇక చక్రాలొక్కటే. వాటికి వేరే గుడ్డ అన్నారుగా, ఏది?"

"చక్రాలు వదిలెయ్యి."

"వదిలేస్తే ఎలా? ముందు వాటికేసే చూస్తారు ఆయన. చక్రాలు చివర్న అని మీరే..."

"వదిలెయ్యమన్నా. తాళంచెవి కారులోనే ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"నీ సంచి?"

"వెనక సీట్లో. అత్తయ్యా, నాకు భయమేస్తోంది, ఏంటి?"

"ఇందాక ఫోన్ చేసింది గ్యాసువాడు కాదు."

"మరి..."

"వాడే. నువ్వు గేటు దాటగానే నేనే చెప్పాను వాడికి, కారు తీసుకెళ్ళిందని. నువ్వొచ్చాక మళ్ళీ చేశాడు. కదలనివ్వకు, నేను బయల్దేరుతున్నా అన్నాడు."

"మీరా? మీరు చెప్పారా?"

"నేనే."

"నాననీ నాననీ అన్నది... అందుకా?"

"నానబెట్టాలన్నది నిజమే. కానీ అంతసేపు అక్కర్లేదు."

"అత్తయ్యా!"

"తిట్టు. తిట్టవే, కానీ దారిలో తిట్టుకో. నాకూ భయమే. నీకన్నా ఎక్కువ భయం. మీ మామయ్యకి భయపడ్డాను, ఇప్పుడు కన్నకొడుక్కి భయపడుతున్నాను. అడిగితే చెప్పకపోతే ఏం చేస్తాడోనని, వాడు అడక్కముందే చెప్పడం అలవాటైపోయింది. నువ్వు నాకో మంచం అడిగుంటావని నాకేం తెలుసు? ఎక్కు!"

"ఎక్కడిదాకా వచ్చుంటారు?"

"రైలు గేటు దగ్గరికి వచ్చుంటాడు. గేటు పడితే కాసేపు ఆగుతాడు. నువ్వు అటు పోకు. పాత మార్కెట్ వెనక నుంచి పో."

"కారు పట్టుకుపోతే ఊరుకుంటారా? కేసు పెడతారు."

"వాగు వంతెనకి ఇవతలే కారు వదిలెయ్యి. తాళంచెవి లోపలే పెట్టి, అవతలికి నడిచి వెళ్ళు. వాడి కారు వాడికి ముట్టినట్టే."

"అయితే మీరూ ఎక్కండి. రండి, ముందు సీట్లో కూర్చోండి."

"నేనెక్కితే ఇక్కడ ఎవరుంటారు? ఇంకాసేపట్లో మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే అనుమానమొచ్చి నిన్ను వెతుక్కుంటూ పరిగెత్తిస్తాడు జీపుని. ఆ నడక దారిలో నీకు నా మోకాళ్ళొక అడ్డం."

"మిమ్మల్ని వదిలేసి నేనెళ్ళను. మిమ్మల్ని ఏం చేస్తారో తెలుసా?"

"ఏం చేస్తాడు? కళ్ళద్దాలు దాస్తాడు. ఇదిగో, నువ్వు పట్టుకుపో వీటిని. ఇక దాచడానికి వాడికేం దొరుకుతుంది?"

"కళ్ళద్దాలు లేకుండా మీకేం కనిపిస్తుంది?"

"తడుముకోవడం అలవాటేగా. మసకగా కనిపిస్తుందిలే. వాడి మొహం చూడ్డానికి ఆ మాత్రం చాలు. మీ అమ్మకి ఫోన్ చేసి, రేపు పొద్దున ఎవరినైనా పంపమను. వాడు ఆఫీసుకెళ్ళగానే వస్తాను. నా మంచం ఎవరికీ ఇవ్వకండి."

"వస్తారా? నిజంగా వస్తారా?"

"నా కళ్ళద్దాలు నీ దగ్గర పెట్టుకుని వస్తారా అంటావేమిటే? పో!"

"ఉంగరం! కిటికీలో ఉంగరం మర్చిపోయాను..."

"మర్చిపో. ఆ పైపు ఇలా ఇచ్చి పో."

"పైపెందుకు మీకు?"

"నీళ్ళ చప్పుడుండాలి కదా. వెనక్కి, వెనక్కి రానీ... ఎడమకి తిప్పు... గేటు, చూసుకో!"

"అయ్యో! గేటుకి గీరుకుంది అత్తయ్యా! తలుపు పొడుగునా గీరుకుంది!"

"గీరుకోనీ! ఆగకు! పోనీ, పోనీ!"

"రేపు, అత్తయ్యా! రేపు!"

"పో తల్లీ, పో... పోయింది. పాత మార్కెట్ వైపే తిరిగింది. ఇదిగో, మోగనే మోగింది. హలో... ఆఁ, చెప్పు నాన్నా... గేటు పడిందా? పోనీలే, తొందరేముంది, నింపాదిగా రా... లేదురా, ఎక్కడికీ కదల్లేదు, నేనిక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను. నీళ్ళ చప్పుడు వినపడ్డంలా? చక్రాలు కడుగుతోంది."